ఎవరని అడగని ఊరు

చుట్టాలొస్తే విందు చేయడం అందరికీ తెలిసిన మర్యాదే. ముక్కూ మొహం తెలియని మనిషి, అదీ ఇంటి మీదికి పోలీసుల్ని తెచ్చే మనిషి తలుపు తడితే? ఫ్రాన్స్‌లోని ఓ చిన్న ఊరు దాదాపు నాలుగేళ్లు ఆ తలుపు తీస్తూనే ఉంది.

అది 1940-41 చలికాలం. హిట్లర్ సేనల ముందు ఫ్రాన్స్ ఓడిపోయి కొన్ని నెలలే అయింది. కొండల మధ్య ఉన్న లె షాంబోన్ ఊళ్లో మంచు కురుస్తోంది. పాస్టరు ఆండ్రే ట్రోక్మే భార్య మాగ్దా వంటింట్లో పొయ్యిలో కట్టెలు ఎగదోస్తోంది. ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే... చలికి వణికిపోతున్న ఓ మహిళ. జర్మనీ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన యూదురాలు. లోపలికి రావచ్చా అని అడిగింది. రమ్మంది మాగ్దా. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తిండి పెట్టింది. తడిసిన బూట్లు ఆరబెట్టింది.

ఆమెకు గుర్తింపు కాగితాలు ఇప్పిద్దామని మేయరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన ససేమిరా అన్నాడు. వెంటనే ఊరు దాటించమన్నాడు. ఇంటికొచ్చేసరికి ఆరబెట్టిన బూట్లు కాస్తా కాలిపోయాయి. అసలే తోలు దొరకని రోజులు. ఊళ్లో తిరిగి ఇంకో జత తెచ్చింది. చివరికి ఆ మహిళను మరోచోటికి పంపక తప్పలేదు. ఆ రోజు మాగ్దా ఒక పాఠం నేర్చుకుంది: ఇంటికొచ్చినవాళ్ల సంగతి అధికారులకు చెప్పకూడదు!

ఇంటింటా ఓ మంచం

ఆ తర్వాత తలుపు తట్టేవాళ్లు పెరిగారు. పొలాల మధ్య ఇళ్లలో, విద్యార్థుల వసతి గృహాల్లో, పిల్లల ఆశ్రమాల్లో వాళ్లకు చోటు దొరికింది. తిండికి రేషన్ ఉన్న కాలమది. ఉన్నదాంట్లోనే ఇంకొకరికి వడ్డించారు. 1942 వేసవిలో పోలీసులు బస్సులతో వచ్చి యూదుల పేర్లు చెప్పమంటే ట్రోక్మే ఒప్పుకోలేదు. 1943 ఫిబ్రవరిలో ఆయన్ని అరెస్టు చేయడానికి పోలీసులొచ్చారు. సరిగ్గా భోజనాల వేళ. మాగ్దా వాళ్లనూ భోజనానికి రమ్మంది!

ఇంత తెగువ ఎక్కడిది? ఆ ఊరివాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. 1685లో ఫ్రాన్స్ రాజు వాళ్ల మతాన్ని నిషేధించినప్పుడు, తలదాచుకోవడమంటే ఏమిటో వాళ్ల పూర్వీకులకు తెలిసొచ్చింది. ఆకలిగొన్నవాడికీ పరదేశికీ చేసింది తనకు చేసినట్టేనన్న క్రీస్తు బోధ వాళ్లకు ఆదివారం ప్రసంగంతో అయిపోయే మాట కాదు. కొత్త నిబంధనలో ఆతిథ్యానికి వాడిన గ్రీకు పదం ‘ఫిలోక్సీనియా’. దానర్థం విందు కాదు, పరాయివాడి మీద ప్రేమ.

ఆ ప్రేమకు మూల్యమూ చెల్లించారు. నెల రోజుల తర్వాత ట్రోక్మే విడుదలయ్యాడు. ఆయన బంధువు డానియెల్ ట్రోక్మే మాత్రం తిరిగి రాలేదు. 1943 జూన్‌లో విద్యార్థులతోపాటు పట్టుబడి, 1944లో మైదానెక్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. యుద్ధం ముగిసేనాటికి ఆ ప్రాంతంలో ఆశ్రయం పొందినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెం సంస్థ 1990లో ఆ ఊరినీ చుట్టుపక్కల గ్రామాలనూ గౌరవించింది.

మన గుమ్మం ముందు...

మన తలుపు తట్టేవాళ్ల వెనక సైన్యం ఉండదు. రోగికి తోడుగా వచ్చి ఆసుపత్రి వరండాలో పడుకునే పల్లెటూరి మనిషి, పక్క వాటాలో కొత్తగా దిగిన భాష రాని కుటుంబం, పండక్కి ఇంటికి వెళ్లలేకపోయిన హాస్టల్ కుర్రాడు... వీళ్లు అసలు తలుపే తట్టరు. మనమే తీసి పిలవాలి. క్రిస్మస్‌కి కేకు పంచడం సులువే. మామూలు మంగళవారం నాడు, వండింది నలుగురికే అయినా అయిదో కంచం పెట్టడం కాస్త కష్టం. లె షాంబోన్ వంటింట్లో ఆ రోజు జరిగింది అదే. పొయ్యి దగ్గర ఇంకొకరికి చోటివ్వడం!