మన్యం దారిలో మేమిద్దరం

పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నా వయసు తల్లులకు చెప్పనక్కరలేదు. మాది తుని దగ్గర ఒక పల్లెటూరు. మావారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం చిన్నమ్మాయి కూడా అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత మా ఇద్దరి మధ్య మిగిలిన మాటలు ఏమిటనుకున్నారు? "అన్నం పెట్టనా?" "కరెంటు బిల్లు కట్టారా?" "బి.పి. బిళ్ళ వేసుకున్నావా?" అంతే. కోపాలు లేవు, కొట్లాటలు లేవు. అయినా ఒకే ఇంట్లో వేరువేరుగా అద్దెకున్నవాళ్ళలా ఉండేవాళ్ళం.

మా అబ్బాయి కొత్త కారు కొనుక్కుని పాతది మాకిచ్చాడు. "నాన్నా, దీన్ని ఊరికే ఉంచకండి. అమ్మను ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అన్నాడు. నిజం చెప్పాలంటే ముప్పైరెండేళ్ళ కాపురంలో నేను హోటల్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ప్రయాణమంటే బంధువుల ఇంటికి. అక్కడా వంటింటి పనే.

వరి కోతలయ్యాక, క్రిస్మస్ పనులు మొదలుకాకముందు, డిసెంబరు మొదటి వారంలో నాలుగు రోజులు చూసుకున్నాం. నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. తిరుగు ప్రయాణం అనంతగిరి మీదుగా. శని, ఆదివారాల్లో అక్కడ రద్దీ ఎక్కువని విని సోమవారం ఉదయం ప్రార్థన చేసుకుని బయలుదేరాం.

చన్నీళ్ళ గది

నర్సీపట్నంలో పెట్రోలు నింపించి, బ్రేకులు, టైర్లు చూపించుకున్నాం. ఇంకా కొంత దూరం పోయాక ఘాట్ రోడ్డు మొదలయింది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న గ్రామం. దీనికే కొర్రబయలు అని మరో పేరు. ఆరుబయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. చలికాలంలో కొన్ని రాత్రులు ఇక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది.

ఫోనులో మాట్లాడుకున్న లాడ్జికి చీకటి పడుతుండగా చేరాం. వేడినీళ్ళకు గీజరుందన్నారు గానీ కరెంటు లేదు. మంచం మీద పలుచటి దుప్పటి ఒక్కటే. మావారికి కోపం వచ్చి, గది చూపించిన కుర్రవాడి మీద గట్టిగా అరిచారు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఆ మన్యం పిల్లవాడు మారు మాట్లాడలేదు. అరగంట తరువాత కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు రెండు బకెట్లు మోసుకొచ్చాడు. భుజం మీద మందపాటి రగ్గు కూడా తెచ్చి మంచం మీద పెట్టి వెళ్ళాడు.

రాత్రి కిటికీలోంచి చూస్తే ఆ అబ్బాయి చలిమంట దగ్గర ముడుచుకుని కూర్చున్నాడు. మాకిచ్చింది అతని రగ్గే! "ఏమండీ, ఇటు చూడండి" అని పిలిచాను. మావారు చూశారు. రగ్గు పట్టుకుని బయటకు వెళ్ళారు. "బాబూ, నీ తప్పేమీ లేకుండా నీ మీద అరిచాను. తప్పు నాది" అనడం నా చెవులారా విన్నాను.

ముప్పైరెండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. సంతోషించాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ముక్కూ మొహం తెలియని పిల్లవాడికి చెప్పగలిగిన మాట, నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదా అని. కారులో ఉన్న శాలువాలు తెచ్చి కప్పుకున్నాం గాని నాకు నిద్ర పట్టలేదు.

మంచులో మాట

మర్నాడు చింతపల్లి దారిలో పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే కారు ముందు నాలుగు బారల దూరం కూడా కనపడలేదు. లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతున్నాం. నేను కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి, "కొంచెం కుడికి... ఆగండి, ఎదురుగా జీపు... ఇప్పుడు పోనివ్వండి" అని చెబుతుంటే, ఎప్పుడూ నా మాట పట్టించుకోని మనిషి అక్షరం తప్పకుండా విన్నారు.

ఎండ వచ్చేదాకా ఒక చింతచెట్టు కింద ఆగాం. మావారిలోని మాస్టారు నిద్ర లేచారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన సంగతి చెప్పారు. అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నాయనీ, ఈ కొండల్లో రోడ్డు పనులు చేయించుకుని గిరిజనులకు సరైన కూలి ఇవ్వలేదనీ, ఆ తిరుగుబాటుకు అవి కారణాలనీ వివరించారు.

"చాకిరీ చేసినవాళ్ళకు ఇవ్వవలసింది ఇవ్వకపోతే, ఎప్పటికైనా అడుగుతారు కదండీ" అన్నాను. మామూలుగానే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నీ ట్రైనింగు సంగతేనా?" అన్నారు.

పెళ్ళయిన ఏడాదే నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. అత్తగారికి ఒంట్లో బాగుండక, "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడాది మరి రాలేదు. నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ ఎత్తలేదు.

"అమ్మ జబ్బు ఒక వంక మాత్రమే. ఇద్దరం ఉద్యోగాలకు పోతే ఇల్లెలా గడుస్తుందోనని భయపడ్డాను. నిన్ను ఆపింది నేనే. తప్పు నాది" అన్నారు.

ఫరవాలేదు లెండి అని వెంటనే అనలేకపోయాను. అంటే అబద్ధమయ్యేది. పాడేరు దాకా ఇద్దరం మౌనంగానే ఉన్నాం. కానీ అది ఇంట్లో ఉండే మౌనం కాదు.

కాఫీ తోటలు, వలిసె పూలు

పాడేరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఆ చుట్టుపక్కల సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగెలు. డిసెంబరులో కాఫీ పళ్ళు ఎర్రగా పండి ఉంటాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారి పక్క బడ్డీలో చెరో గ్లాసు కాఫీ తాగాం. అప్పుడు చెప్పాను: "ఆ ఉద్యోగం ఇప్పుడు నాకక్కరలేదండీ. మీకు గుర్తుందని తెలిసింది, అది చాలు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

అరకులో రాష్ట్ర పర్యాటక సంస్థ హోటల్లో రెండు రాత్రులున్నాం. పొద్దున్నే పక్క సర్దడానికి ఒక అమ్మాయి వస్తే, అలవాటు కొద్దీ నేనూ దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. "కూర్చోండమ్మా, నేను చేస్తాను" అని నవ్వింది. నా పక్క మరొకరు సర్దగా చూడటం అదే మొదలు. పొలాల్లో ఇంకా మిగిలి ఉన్న పసుపుపచ్చని వలిసె పూలు చూస్తూ ఆ సాయంత్రం ఎంతసేపు నడిచామో!

తిరుగు దారిలో బొర్రా గుహలు చూశాం. సున్నపురాతిలోంచి నీరు చుక్కచుక్కగా కారి, వేల ఏళ్ళకు స్తంభాలుగా పేరుకుపోయింది. చెప్పుకోని మాటలు కూడా ఇలాగే గడ్డకడతాయి కదా అనిపించింది. అయితే మనుషులకు అంత సమయం లేదు.

మీరూ వెళ్ళదలిస్తే

స్వెటర్లు, మందపాటి దుప్పటి, రోజూ వాడే మందులు, ఆధార్ కార్డు, కొంత చిల్లర దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఎక్కడ దిగుతారో ముందే ఇంట్లో చెప్పండి. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు ఎక్కవద్దు. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడక, తక్కువ గేరులో దిగండి. గదికి డబ్బు కట్టకముందే నీళ్ళు, దుప్పట్లు చూసుకోండి. లోపముంటే యజమానితో మాట్లాడండి. పనిచేసే పిల్లల మీద అరవకండి. కారు లేకపోయినా విచారం లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా ఆర్.టి.సి. బస్సులున్నాయి. విశాఖపట్నం నుంచి బొర్రా, అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలుంది.

ఇంటికి వచ్చాక ఒక మార్పు జరిగింది. సాయంత్రాలు మా వీధి పిల్లలు ఎనిమిదిమంది పలకలు, పుస్తకాలు పట్టుకుని మా అరుగు మీదకు వస్తున్నారు. చదువు చెప్పేది నేను. రిటైరైన మాస్టారు లోపల కాఫీ కాస్తారు. పంచదార ఎప్పుడూ ఎక్కువే వేస్తారు. పిల్లలు వెళ్ళాక ఇద్దరం అక్కడే కూర్చుని తాగుతూ మాట్లాడుకుంటాం.