మనసుకు తోచింది – నమ్మాలా? ఆగాలా?



సంక్రాంతికి మన ఇళ్లలో అరిసెలు చేస్తాం. పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతూ ఉంటుంది. కొత్త కోడలు పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుంటుంది. రెండు చుక్కల పాకం ఆ నీళ్లలో వేస్తుంది. ఉండ అవుతుందా, కరిగిపోతుందా అని వేళ్లతో చూస్తుంది.

మా అవ్వకు ఆ గిన్నె అక్కర్లేదు. పాకం పొంగు చూస్తుంది. గరిటె ఒకసారి తిప్పుతుంది. "దించెయ్యమ్మా, పాకం వచ్చింది" అంటుంది.

"ఎట్లా తెలిసింది అవ్వా?" అని అడిగాను.

"ఏమో నాయనా! తెలుస్తుంది, అంతే" అంది.

మన పనుల్లో ఇట్లా చాలాసార్లు జరుగుతుంది. లెక్క వేయం. ఎవర్నీ అడగం. 'ఇట్లా చేద్దాం' అని మనసుకు తోచేస్తుంది. ఆ మాట ఒక్కోసారి మనల్ని కాపాడుతుంది. ఒక్కోసారి ముంచుతుంది. మా ఇంట్లో ముంచింది కూడా. ఆ కథ తర్వాత చెప్తాను. ముందు అది ఎట్లా పుడుతుందో చూద్దాం.

ఇది మంత్రం కాదు, గుర్తుపట్టడం

మీరు చదువు మొదలుపెట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. బస్సు మీద ఊరి పేరు చదవాలంటే ఎంతసేపు పట్టేది? ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేలోగా బస్సు వెళ్లిపోయేది. ఇప్పుడు బోర్డు చూడగానే ఊరి పేరు తెలిసిపోతోంది. అక్షరాలు కలుపుకోవడం లేదు. మాటను మొత్తంగా గుర్తుపడుతున్నారు. ఎన్నోసార్లు చూశారు కాబట్టే అది వచ్చింది.

మా అవ్వకు చదువు రాదు. కానీ పాకాన్ని చదువుతుంది. యాభై ఏళ్లుగా చదువుతోంది.

అమెరికాలో హెర్బర్ట్ సైమన్ అనే పండితుడు ఉండేవాడు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన, విలియం ఛేజ్ అనే మరొకాయన కలిసి చదరంగం ఆడేవాళ్లను పరీక్షించారు. ఆ సంగతి 1973లో అచ్చయింది. సగం ఆడిన ఆటను ఐదు సెకన్లు మాత్రం చూపించారు. తర్వాత మూసేశారు. ఏ పావు ఎక్కడ ఉందో పెట్టమన్నారు. ఆరితేరిన ఆటగాడు చాలా పావులు సరిగ్గా పెట్టాడు. కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు.

తర్వాత పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపించారు. ఈసారి ఆరితేరినవాడు కూడా కొత్తవాడిలాగే తడబడ్డాడు.

దీన్నిబట్టి ఏం తెలిసింది? అతని జ్ఞాపకశక్తి అందరికంటే గొప్పదేమీ కాదు. ఆటలో వచ్చే అమరికలు అతనికి బాగా పరిచయం. అంతే. పరిచయం లేని చోట ఆ తెలివి పనిచేయలేదు. ఈ చివరి మాట మరిచిపోకండి.

'లెక్క కుదరడం లేదు'

గారీ క్లైన్ అనే ఆయన అగ్నిమాపక సిబ్బంది ఎట్లా నిర్ణయాలు తీసుకుంటారో చాలా ఏళ్లు పరిశీలించాడు. ఆయన రాసిన ఒక సంఘటన వినండి.

ఒక ఇంట్లో మంట లేచింది. వంటింట్లో అనుకున్నారు. నాయకుడు తన మనుషులతో లోపలికి వెళ్లి నీళ్లు కొట్టించాడు. మంట తగ్గలేదు. గది మరీ వేడిగా ఉంది. చప్పుడు మాత్రం తక్కువగా ఉంది. నాయకుడికి ఏదో తేడాగా తోచింది. "బయటికి రండి!" అని అరిచాడు. అందరూ బయటపడ్డారు. కాసేపటికే వాళ్లు నిలబడిన నేల కూలిపోయింది. అసలు మంట నేల కింది గదిలో ఉంది! అక్కడ ఒక గది ఉన్నట్టే ఆయనకు తెలియదు.

తనకు ఏదో అతీంద్రియ శక్తి ఉందని ఆయన అనుకున్నాడు. కానీ నిదానంగా అడిగితే సంగతి తేలింది. చిన్న మంట అయితే నీళ్లకు తగ్గాలి. తగ్గలేదు. చిన్న మంటకు గది అంత వేడెక్కదు. ఎక్కింది. అంత వేడికి మంట చప్పుడు చేయాలి. చేయలేదు. కారణం ఆయనకు తెలియదు. కానీ 'ఇది నేను చూసిన మంటలా లేదు' అని మనసు పట్టేసింది.

మా ఇంటి బోరు కథ

మాది మెట్ట పొలం. నేను పదో తరగతిలో ఉండగా మా నాయన బోరు వేయించాలనుకున్నాడు. టెంకాయతో నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడు. ఒకచోట టెంకాయ నిలబడింది. "ఇక్కడ రెండించుల నీళ్లు ఖాయం" అన్నాడు. మా నాయన మనసుకూ అదే తోచింది.

నాలుగు వందల అడుగులు వేశారు. దుమ్ము వచ్చింది. ఆయన ఇంకో చోటు చూపించాడు. అక్కడా దుమ్మే. మా అమ్మ గాజులు కుదవకు పోయాయి. ఇంతవరకు తిరిగి రాలేదు.

ఆ మనిషి మోసగాడని నేను అనను. ఆయన నిజంగానే నమ్మాడు. మా అవ్వ లాగే గట్టిగా చెప్పాడు. మరి తేడా ఎక్కడ ఉంది?

రెండు పరీక్షలు

డేనియల్ కానమన్ అనే ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది. మనసు అంచనాలు ఎట్లా తప్పుతాయో ఆయన చెప్పాడు. అవి ఎట్లా పనికొస్తాయో క్లైన్ చెప్పాడు. 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు. అందులో రెండు షరతులు పెట్టారు.

ఒకటి: ఆ పనికి ఒక కట్టు ఉండాలి. గుర్తుకూ ఫలితానికీ సంబంధం ఉండాలి.

రెండు: ఆ పని చాలాకాలం చేసి ఉండాలి. తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలి.

పాకానికి రెండూ ఉన్నాయి. ముదిరితే అరిసె రాయి అవుతుంది. లేతదైతే నూనెలో విడిపోతుంది. తప్పు ఆ పూటే తెలుస్తుంది.

టెంకాయకు ఒకటీ లేదు. మా పొలం కింద ఉన్నది రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. టెంకాయ నిలబడడానికీ ఆ పగుళ్లకూ సంబంధం లేదు. పైగా నీళ్లు పడినవాళ్లు ఊరంతా చెప్తారు. దుమ్ము వచ్చినవాళ్లు తల పట్టుకుని ఇంట్లో కూచుంటారు. అందుకే తప్పులు లెక్కకు రావు.

గట్టిగా చెప్పడం వేరు. నిజం కావడం వేరు.

బోరు వేసే ముందు చుట్టుపక్కల బోర్లు ఎంత లోతో, ఎన్ని ఎండిపోయాయో కనుక్కోండి. భూగర్భ జల శాఖవాళ్లను అడగండి. పరికరంతో భూమిలోకి కరెంటు పంపి చూసే పద్ధతి ఉంది. మట్టి, రాయి ఆ కరెంటును ఎంత అడ్డుకుంటాయో కొలిచి అంచనా వేస్తారు. అది కూడా పూచీ ఇవ్వదు. కానీ దానికి ఒక ఆధారం ఉంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి.

మనసును పదును పెట్టడం ఎట్లా?

1. ముందు అంచనా రాయండి. తర్వాత సరిచూడండి. మేకను కొనేటప్పుడు 'ఇన్ని కిలోలు' అని రాసుకోండి. తర్వాత తూకం వేయండి. పది మేకలకు ఇట్లా చేయండి. మీ కన్ను ఎక్కువ చెప్తోందో తక్కువ చెప్తోందో తెలుస్తుంది.

2. అనుభవం ఉన్నవాళ్లను 'ఏం చేయాలి?' అని మాత్రమే అడగకండి. 'ఏం చూసి అట్లా అన్నావు?' అని అడగండి. నేను అవ్వను మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి చెప్పింది: "నురగ చిన్నదవుతుంది, పాకం గరిటెకు పట్టుకుంటుంది." చూశారా! మంత్రం విడిపోయింది.

3. కోపంలో, అలసటలో, ఎదుటివాళ్లు తొందరపెట్టినప్పుడు తోచిన మాటను ఒక రాత్రి పక్కన పెట్టండి.

4. డబ్బు పెద్దదైతే, పని కొత్తదైతే, వెనక్కి తీసుకోలేనిదైతే ఒక ప్రశ్న వేసుకోండి. 'ఏడాది తర్వాత ఇది చెడిపోయింది అనుకుందాం. ఎందుకు చెడింది?' ఇంటిల్లిపాదీ తలా ఒక కారణం చెప్పండి. ఆడవాళ్లు, పిల్లలు చెప్పేది కూడా వినండి. గాజులు ఎవరివి మరి!

5. మనసు 'దూకు' అంటే ఆగి ఆధారం అడగండి. మనసు 'ఆగు' అంటే వెంటనే ఆగండి. మోటారు దగ్గర, కరెంటు తీగ దగ్గర, పాత బావి దగ్గర భయం వేస్తే సిగ్గుపడకండి. ఆగితే పోయేది కాసేపు. ఆగకపోతే పోయేది ప్రాణం కావచ్చు.

నాయన మొన్న మూడో బోరు మాట ఎత్తాడు. "ఈసారి ముందు కాగితం మీద రాద్దాం" అన్నాను. చుట్టూ ఉన్న బోర్ల లెక్క తీశాం. పదకొండు బోర్లలో ఏడు ఎండిపోయాయి. నాయన ఆ కాగితం చాలాసేపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ ఏడు బోరు వద్దన్నాడు.

ఆలోచించండి, రాయండి

1. మీ పనిలో చూడగానే తెలిసిపోయే సంగతి ఒకటి రాయండి. ఏ గుర్తు చూసి తెలుసుకుంటారు?

2. మనసు మాట విని మీరు నష్టపోయిన సందర్భం ఒకటి చెప్పండి. రెండు పరీక్షల్లో అది దేనిలో తప్పింది?

3. ఈ వారం ఐదు అంచనాలు రాసుకుని సరిచూడండి. వచ్చే వారం కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.