ముఖము చెప్పునది, చెప్పనిది

ఇంటికి వచ్చిన బిడ్డను చూచి, "ఏమి నాయనా, ముఖ మట్లున్నదేమి?" అని తల్లి అడుగుట మన యిండ్లలో తరచు వినబడు మాట. నోరు విప్పక మునుపే ముఖము సంగతి చెప్పివేసినదని ఆమె నమ్మకము. ఈ నమ్మకములో నిజమెంత? ముఖమును చూచి మనస్సును, మనోవ్యాధిని గుర్తింపవచ్చునా? శాస్త్రజ్ఞులు 150 ఏండ్లకు పైగా విచారించుచున్న ప్రశ్న యిది.

మన పూర్వులు దీనిని నాట్యదృష్టితో పరిశీలించిరి. భరతముని రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము అను ఎనిమిది స్థాయిభావములను పేర్కొని, చూపులకును, కనుబొమలకును, చెక్కిళ్ళకును వేర్వేరు అభినయములను నిర్ణయించెను. చెమట పట్టుట, గగుర్పాటు, ముఖము వెలవెలబోవుట, కన్నీరు మొదలగు వానిని సాత్త్విక భావములని వేరు చేసెను. ఇవి పైపై ప్రయత్నముచే వచ్చునవి కావు. మనస్సు లగ్నమైన గాని పుట్టవు.

తెచ్చిపెట్టుకొన్న భావమునకును, తానై పుట్టిన భావమునకును గల భేదమును ఫ్రాన్సు దేశపు వైద్యుడు డ్యూషేన్ 1862లో మఱియొక మార్గమున చూపెను. ముఖకండరములకు విద్యుత్తును సోకించి, ఏ కండరము కదలిన ఏ కవళిక కలుగునో పరీక్షించి ఛాయాచిత్రములు తీయించెను. పెదవుల కొనలను పైకి లాగు కండరము మన ఆజ్ఞకు లోబడును. కంటి చుట్టునుండు కండరము మాత్రము నిజమైన సంతోషమునకే కదలునని అతడు తలచెను. నవ్వు పెదవులపై నున్నది గాని కన్నులలో లేదని మనము అనుకొనుటలోని రహస్య మిదియే. అయితే ఈ కంటినవ్వును సైతము కోరి తెచ్చుకొనగలవారు పలువురు కలరని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

1872లో డార్విను మహాశయుడు ఈ విషయముపై ఒక గ్రంథమును ప్రకటించి, ముఖ్యమైన ముఖకవళికలు మానవజాతి కంతటికిని సమానములని వాదించెను. 1960 దశకము చివర పాల్ ఎక్మన్ అను మనస్తత్త్వవేత్త పాపువా న్యూ గినీలోని ఫోరే జాతివారికి చిన్నకథలు వినిపించి, కథకు తగిన ముఖమును ఛాయాచిత్రములలో చూపుమని కోరెను. సంతోషము, దుఃఖము, కోపము మున్నగువానిని వారు చాలవరకు గుర్తించిరి. భయమును మాత్రము ఆశ్చర్యమునుండి వేరు చేయలేకపోయిరి. ముఖభాష కొంత సర్వసామాన్యమే యైనను, అది తప్పులేని నిఘంటువు కాదన్నమాట.

లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మొదలగు శాస్త్రజ్ఞులు 2019లో అంతవరకు జరిగిన పలు పరిశోధనలను సమీక్షించి ఈ హెచ్చరికనే గట్టిగా చేసిరి. కోపము వచ్చిన ప్రతివాడును కనుబొమలు ముడువడు. ముడిచిన ప్రతివాడును కోపించినవాడు కాడు. అతడు లోతుగా ఆలోచించుచుండవచ్చును; చత్వారము వలన అక్షరములు కనబడక పోవుచుండవచ్చును!

ఈ జాగ్రత్త లేనిచో ఇండ్లలో అన్యాయము జరుగును. పార్కిన్సన్ వ్యాధి యందు మెదడులో డోపమైన్ అను ద్రవ్యము తగ్గి, ముఖకండరములు బిగిసి, రెప్పపాటు సైతము తగ్గును. మనుమడు పరీక్షలో నెగ్గితినని వచ్చి చెప్పినను తాత ముఖము కదలదు. "తాతగారికి మాపై ప్రేమ పోయినది" అని ఇంటివారు నొచ్చుకొందురు. ప్రేమ పోలేదు; దానిని తెలుపు కండరములు మాట వినుట లేదు. స్కిజోఫ్రీనియా రోగులలో కొందఱి ముఖము కూడ నిర్వికారముగా నుండును గాని, లోపల వారు సుఖదుఃఖముల ననుభవించుచునే యుందురు.

దీనికి విపరీతమైన సంగతి మఱియొకటి. కుంగుబాటు వ్యాధికి చిక్కినవారందఱును ముఖము వ్రేలవేసికొని కూర్చుండరు. కొందఱు అతిథులతో నవ్వుచు మాటలాడుదురు, పనిపాటలు చక్కబెట్టుదురు. ఆ నవ్వును చూచి, "వీరికేమి లోటు?" అని మనము తృప్తిపడుదుము. ముఖమును నమ్మి మోసపోవుట ఇక్కడ ప్రాణాపాయమునకే దారితీయవచ్చును.

కావున ముఖమును ప్రశ్నగా గ్రహింపవలెను గాని తీర్పుగా గ్రహింపరాదు. ఇతర గుర్తులను కూడ చూడవలెను. నిద్ర చెడినదా? ఆకలి తగ్గినదా? మునుపు ఇష్టపడిన పనులపై విరక్తి కలిగినదా? కంఠస్వరము నీరసించినదా? రెండు వారములకు పైగా ఇట్లున్నచో, ఒంటరిగా కూర్చుండబెట్టుకొని మెల్లగా అడుగవలెను. చనిపోవలెనను తలంపు కలుగుచున్నదా యని అడిగినచో లేని తలంపు పుట్టించినవార మగుదుమని పలువురు భయపడుదురు. ఆ భయము నిరాధారము. అడుగుట వలన బాధితునికి మనసు విప్పు అవకాశము దొరకును. ఆలస్యము చేయక వైద్యుని చూపింపవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

"ముఖ మట్లున్నదేమి?" అని తల్లి అడుగుట మంచిదే. అడిగిన పిదప జవాబు వచ్చువఱకు ఓపికతో ప్రక్కన కూర్చుండుట అంతకంటె మంచిది. "ఏమియు లేదు" అను మాటతో ఆ సంభాషణ ముగియకుండ చూచుకొనుట ఇంటిల్లిపాది కర్తవ్యము.