మోటారు సైకిలు సీటు: చినిగిన తొడుగును మార్చు విధము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో మోటారు సైకిలు లేని రైతు గృహము నేడు అరుదు. తండ్రుల కాలమున ఎడ్లబండి చేసిన పనులలో సగమును ఇదియే చేయుచున్నది. తెల్లవారుజామున పాలక్యానులు, పగలు ఎరువు బస్తా, సాయంకాలము పిల్లల ట్యూషను, నడిరేయి ఆసుపత్రికి పోవలసిన రోగి, అన్నిటికిని ఆ యొక్క సీటే ఆధారము. ఇంజను నూనె మార్చుటయందును, చక్రములకు గాలి పట్టించుటయందును మిక్కిలి శ్రద్ధ చూపు రైతు సీటు చినిగినప్పుడు మాత్రము, కూర్చుండు చోటే కదా యని దానిపై నొక ప్లాస్టిక్కు సంచి కట్టి యూరకుండును. ఈ యుపేక్ష వలన కలుగు నష్టమును, స్వల్ప వ్యయముతో సీటును బాగుచేసికొను పద్ధతిని ఇందు వివరింతును. విత్తనములను గూర్చి వ్రాయవలసిన డిమాన్‌స్ట్రేటరు సీట్లను గూర్చి వ్రాయుటేమని కొందరు నవ్వవచ్చును. పొలమునకు పోవు వాహనము పొలము పనిముట్టే యని నా యభిప్రాయము.

సీటునకు మూడు భాగములు గలవు. అడుగున పళ్ళెము, ఇది పాత బండ్లలో ఇనుప రేకు, క్రొత్త బండ్లలో చాలవరకు గట్టి ప్లాస్టిక్కు. దానిపై స్పాంజి. స్పాంజిపై రెక్జిను తొడుగు. పూర్వపు బండ్లకు గుఱ్ఱపు జీనువంటి తోలు సీటును, దాని క్రింద స్ప్రింగులును ఉండెడివి. ఇప్పటి స్పాంజి పాలియూరిథేను అను పదార్థముతో చేయబడినది. ఆ పదార్థమును 1937లో జర్మనీ దేశమున ఒట్టో బేయరు అను రసాయన శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును కనుగొనిరి. ఇక రెక్జిను అనునది మొదట ఇంగ్లండు దేశపు టొక కంపెనీవారి సరకు పేరు; బట్టమీద సెల్యులోజు పూతను పట్టించి తోలువలె కనబడునట్లు అచ్చు వేసెడివారు. మన బజారులో నేడు ఆ పేరుతో అమ్ముడగునది పి.వి.సి. పూత గల బట్ట. పేరు నిలిచినది, సరకు మారినది.

సీటును పాడుచేయునది ఎండ యని అందరును తలంతురు. ఎండ రెక్జినును పెళుసు చేయుట నిజమే. కాని సీటును చంపునది నీరు. స్పాంజిలో లెక్కలేనన్ని సన్నని గదులు ఒకదానితో నొకటి కలిసి యుండును. మనిషి కూర్చుండగానే వానిలోని గాలి వెలికి పోవును. లేవగానే స్పాంజి మరల ఉబ్బుచు గాలిని లోనికి పీల్చుకొనును. ఆ సమయమున కుట్టుమీద వాననీరు నిలిచి యున్నచో గాలికి బదులు సూది రంధ్రముల గుండ నీరే లోనికి పోవును. అనగా వానలో తడిసిన బండిపై ఎక్కి దిగు ప్రతి పర్యాయమును మనమే పంపు కొట్టి సీటులోనికి నీరు తోడుచున్నామన్నమాట. ఆ నీరు వచ్చిన దారిని మరలిపోదు. వాన వెలిసిన మూడవనాడు సైతము పంచె వెనుక తడి యంటుటకు కారణమిదియే.

చిరిగిన తొడుగుమీద బజారున దొరకు మఱియొక తొడుగును లాగి బిగించుట మనవారి అలవాటు. ఈ యలవాటును నేను గట్టిగా నిరసింతును. పైతొడుగు క్రొత్త నీటిని కొంత ఆపినను, లోని పాత నీటిని ఆరనీయదు. ఇట్లు రెండు, మూడు తొడుగులు వేసిన సీట్లను నేను విప్పించి చూచితిని. లోపల స్పాంజి నల్లబడి, బూజు పట్టి, వ్రేలితో నొక్కిన చోట గుంట పడి మరల లేవకుండెను. ఇనుప పళ్ళెము తుప్పుపట్టి అప్పడమువలె విరిగెను. కడు ఖరీదైన నష్టము పళ్ళెమే గాని తొడుగు కాదు.

ఇందులో నింకొక ప్రమాదము కలదు. పెక్కు బండ్లలో బ్యాటరీ సీటు క్రిందనే యుండును. బ్యాటరీ ఋణధ్రువము బండి చట్రమునకు కలుపబడి యుండును. పళ్ళెము క్రింది రబ్బరు బుడిపెలు ఊడిపోయినను, తుప్పు వలన పళ్ళెము క్రుంగినను, ఆ యినుము ధనధ్రువమును తాకవచ్చును. తాకిన యెడల నిప్పురవ్వలు లేచును. ప్రక్కనే పెట్రోలు టాంకు! కావున సీటు విప్పినప్పుడెల్ల ధనధ్రువముమీది రబ్బరు టోపీ యున్నదో లేదో, అడుగు బుడిపెలు నాలుగును సరిగానున్నవో లేవో ముందుగా చూచుకొనవలెను. ఈ యొక్కమాట గుర్తుంచుకొనినను ఈ వ్యాసము చదివిన శ్రమ వ్యర్థము కాదు.

ఈ పనికి తగిన కాలము రోహిణి కార్తె. రోళ్ళు పగులు ఎండ యని మనము భయపడు ఆ యెండయే ఇచ్చట మేలు చేయును. ఎండలో పరచిన రెక్జిను మెత్తబడి చక్కగా సాగును, ముడతలు పడదు. మృగశిర వచ్చి నారుమళ్ళ పని మొదలైనచో ఎవరికిని తీరిక యుండదు. మన తీరమునకు అసలు ముప్పు శీతకాలపు తుపానులతో వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదిని మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన కృష్ణనీరు దిగువకు రాగా కొల్లూరు వైపు లంకగ్రామములు వరదపాలయ్యెను. ఇట్లు పూర్తిగా మునిగిన బండి సీటునకు ఎండ చూపినంత మాత్రమున చాలదు. స్పాంజి గదులలో ఒండ్రు చేరి, కూర్చున్నప్పుడెల్ల ఇసుక కాగితమువలె రాపిడి చేయును. అట్టి స్పాంజిని పారవేయుటయే మేలు. నిజాంపట్నము రేవు నుండి చేపలు తెచ్చువారి సీట్లది వేరొక తీరు. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుకొను గుణము గలది. ఉప్పునీరు త్రాగిన స్పాంజిని ఎంత ఎండబెట్టినను మరునాటికి మరల చెమ్మగిల్లును. దానిని ముందు మంచినీటిలో పలుమార్లు పిండి, ఉప్పు పోయిన పిమ్మట ఆరబెట్టవలెను.

ఇక పని విధము. కొన్ని బండ్లకు తాళముతోడను, కొన్నిటికి వెనుకవైపు బోల్టులతోడను సీటు ఊడివచ్చును. ముందరి నాలుక టాంకు క్రింద దూరి యుండును గనుక వెనుకకు లాగి ఎత్తవలెను. ప్లాస్టిక్కు పళ్ళెమైనచో తొడుగు అంచు పిన్నులతో కొట్టబడి యుండును. ఇనుప పళ్ళెమైనచో రేకు పండ్లు వంచి పట్టించి యుందురు. ఆ పండ్లను మాటిమాటికి వంచరాదు. రెండు మూడు మార్లకు విరిగిపోవును. పిన్నులను చదునైన స్క్రూడ్రైవరుతో లేపి పట్టకారుతో లాగవలెను. పాత తొడుగును చింపి పారవేయు తొందర కూడదు. అదియే క్రొత్తదానికి నమూనా. కుట్టు విప్పకముందే, ఏ ముక్క ఏ ముక్కతో ఎచ్చట కలియునో సుద్దతో గీతలు గీచి, తరువాత బ్లేడుతో దారము కోయవలెను.

స్పాంజి తడిగానున్నచో రెండు చేతులతో అదిమి నీరు పిండి, నీడలో గాలి తగులు చోట నిలువుగా నుంచి ఆరనీయవలెను. రెండు మూడు దినములు పట్టును. మండుటెండలో విడిచిన స్పాంజి పసుపువన్నె తిరిగి పైపొర పొడియగును. పొయ్యిదగ్గర ఆరబెట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. అది వేగముగా అంటుకొని విషపుపొగ గ్రక్కును. ఆరిన పిదప బొటనవ్రేలితో అంతటను నొక్కి చూడవలెను. గుంట వెంటనే లేచిన చోటు బాగున్నట్లు. లేవని భాగమును రంపపు బ్లేడుతో కోసివేసి, అదే మందము గల గట్టి స్పాంజి ముక్కను అతికింపవలెను. రబ్బరు సొల్యూషనును రెండు ముఖములకును పూసి, వ్రేలికి అంటీ అంటనట్లు ఆరిన తరువాతనే కలిపి నొక్కవలెను. తడిగా నున్నప్పుడు కలిపినచో నిలువదు. అంచుల ఎచ్చుతగ్గులను గరుకు కాగితముతో రుద్ది సరిచేయవచ్చును.

స్పాంజి ఎన్నికలో మనవారు పొరబడుదురు. మెత్తనిది సుఖమని దిండు స్పాంజి కొందురు. కూర్చున్న మనిషి బరువు తుంటి యెముకల రెండు కొనలమీద పడును. మెత్తని స్పాంజి ఆ బరువునకు పూర్తిగా అణగి, గతుకు వచ్చినప్పుడు ఎముక పళ్ళెమునకు తగులును. దినమునకు ఇరువది మైళ్ళు కాలువగట్లమీద తిరుగు పాలవారి నడుమునొప్పిలో దీని పాలు తక్కువ కాదు. ఘనపు మీటరునకు 40 కిలోలకు తక్కువ బరువు లేని స్పాంజిని అడిగి తీసికొనుడు. దుకాణదారులు దీనినే 40 డెన్సిటీ యందురు. అట్లని ఎత్తు పెంచరాదు. అంగుళము పెరిగినను పొట్టివానికి కాలు నేలకందదు. పాలక్యానులతో తడిగట్టుమీద బండి ఆపవలసినవానికి కాలు అందకపోవుట యేమగునో చెప్పనక్కరలేదు.

పళ్ళెము ఇనుపదైనచో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూసి, అది ఆరిన పిమ్మట రంగు వేయవలెను. అడుగున నీరు జారు రంధ్రములుండును; వానిని మూయరాదు.

రెక్జిను కొనునప్పుడు వెనుకకు త్రిప్పి చూడుడు. వెనుక అల్లిక బట్ట గలది బనీనువలె సాగి మూలలలో చక్కగా కూర్చుండును; నేత బట్ట గలది బలమైనదే కాని ముడతలు పడును. నున్ననిదానికంటె కొంచెము గరుకు అచ్చు గలది మేలు. బ్రేకు వేసినప్పుడు వెనుక మనిషి ముందునకు జారడు. నలుపు మాసిపోదు గాని వైశాఖములో కాలిన పెనమగును. బూడిదవన్నె నాకు నచ్చును. ఇంటిలోనివారి యిష్టమును అడుగుట మంచిది.

కుట్టు మాత్రము నేర్పరియైన దర్జీచేతనే వేయింపుడు. తెనాలిలోను, రేపల్లెలోను సీట్లు కుట్టువారు గలరు. వారితో మూడు మాటలు స్పష్టముగా చెప్పవలెను. దారము పాలియెస్టరుది కావలెను. నూలుదారము చెమ్మకు చివికి ఏడాది తిరుగకముందే తెగును. కుట్లు మరీ దగ్గరగా వేయరాదు. అంచు తపాలబిళ్ళవలె రంధ్రములై ఆ గీటుననే చినుగును. మూడు, నాలుగు మిల్లీమీటర్ల కొక కుట్టు చాలును. కూర్చుండు నడిభాగమున అలంకారపు కుట్లు వలదు. ప్రతి గీటును నీటికి తలుపు తెరచినట్లే. కుట్టు ప్రక్కలకు దిగియుండి, పై ముక్క అంచు పెంకు మీద పెంకువలె క్రిందిముక్కపై పడునట్లుండిన నీరు జారిపోవును.

తొడుగు వేయుటకు ముందు స్పాంజిమీద పలుచని పాలిథీను కాగితము పరచి అంచులవరకు దింపవలెను. కుట్టుగుండ దిగిన నీరు దానిమీదుగా అంచునకు పోవును. తొడుగును గడియసేపు ఎండలో నుంచి, మొదట ముందుకొన నడుమ ఒక పిన్ను, తరువాత వెనుకకొన నడుమ బిగించి లాగి ఒక పిన్ను, ఆపై ప్రక్కలకు ఎడమ నొకటి, కుడి నొకటిగా కొట్టుచు మూలలకు పోవలెను. మంచమునకు నవారు బిగించినవాని కిది క్రొత్త కాదు. ఒకవైపే లాగినచో గీట్లు వంకర పోవును. మూలలలో పెద్ద మడత యొకటి కాక చిన్న మడతలు నాలుగైదు వేయవలెను. పిన్నుల కాలు పళ్ళెపు మందమునకు మించి స్పాంజిలోనికి పొడుచుకొని పోరాదు. సముద్రతీర గ్రామములవారు తుప్పుపట్టని స్టీలు పిన్నులే వాడవలెను. ఆఫీసు కాగితములకు కొట్టు పరికరము ఈ పనికి చాలదు. గట్టి టాకరు కావలెను. ఒక్కొక్కరు కొనుటకంటె సంఘములో ఒకటి కొని, సభ్యులకు పుస్తకములో వ్రాసికొని ఎరువిచ్చుట సులభము. రెక్జినును సైతము పది సీట్లకు కలిపి తెప్పించిన ముక్కలు వృథా కావు.

సీటు నడుమ అడ్డముగానుండు పట్టీని అందము చెడునని కొందరు తీసివేయుదురు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది, వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు స్థిరమైన పిడి, కాలు మోపుటకు ఆధారము, బట్టలు చక్రములో చిక్కుకొనకుండ రక్షణ ఉండవలెనని శాసించుచున్నది. వేరే పిడి లేని బండికి ఆ పట్టీయే పిడి. చీరకట్టుతో ప్రక్కకు కూర్చున్న స్త్రీకి చంటిబిడ్డ ఒక చేతనుండగా రెండవ చేతికి ఆధారమేది? పాత పట్టీ చివికినచో క్రొత్తది కుట్టించి మరల మరతోనే బిగింపవలెను.

ఎలుకల మాట మరచితిని. ధాన్యపు బస్తాల ప్రక్కన నిలిపిన బండి సీటును ఎలుకలు కొరికి, స్పాంజిని గూళ్ళకు మోసికొనిపోవును. బస్తా మోసిన సీటును గింజ, ఊక లేకుండ తుడిచి, బండిని కొట్టు వెలుపల నిలుపుట తప్ప వేరు మందు లేదు. పిల్లి గోళ్ళకు పడిన చిన్న చీలికకు అదే రెక్జిను ముక్కను వెనుకనుండి సొల్యూషనుతో అతికించిన చాలును. చీలిక వ్రేలెడు కాకముందే ఆ పని చేయవలెను.

సీటు బిగించినపుడు వైర్లు క్రింద నలుగలేదని, తాళము పడుచున్నదని చూచి, మరునాడు సీటుమీద ఒక చెంబెడు నీరు పోయవలెను. పదిమార్లు ఎక్కి దిగి, పైతడి తుడిచి, తెల్లని గుడ్డ పరచి కొంతసేపు కూర్చుండి చూడుడు. గుడ్డకు తడి యంటినచో ఆ మరక యెచ్చట పడెనో సుద్దతో గుర్తుపెట్టి, వానలు రాకముందే సీటును దర్జీయొద్దకు మరల తీసికొనిపొండు.