పాడవలెనా, మానవలెనా? – బ్రిడ్జి ఆటలో సంభావ్యత

బ్రిడ్జిని నలుగురు ఆడుతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. 52 ముక్కలనూ ఒక్కొక్కరికి 13 చొప్పున పంచిన పిమ్మట మొదట పాట, తరువాత ఆట జరుగుతాయి. నలుగురూ ఒక్కొక్క ముక్క వేయగా ఒక పట్టు అవుతుంది. మొత్తం పట్లు 13. ఏ రంగు తురుపుగా తాము ఎన్ని పట్లు గెలువగలమో చెబుతూ రెండు జట్లూ పాటలో పోటీ పడతాయి.

పూర్వం ఆడిన ఆక్షన్ బ్రిడ్జిలో తక్కువకు పాడి ఎక్కువ పట్లు గెలిచినా, గెలిచినవన్నీ గేముకు లెక్కకు వచ్చేవి. 1925లో అమెరికా దేశస్థుడైన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ దీనిని మార్చి, పాడిన పట్లు మాత్రమే గేముకు చెల్లుతాయన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అదే కాంట్రాక్టు బ్రిడ్జి. అప్పటినుండి ధైర్యం చాలక తక్కువ పాడినా నష్టమే, ఆశకొద్దీ ఎక్కువ పాడినా నష్టమే. స్పష్టంగా బలమైన ముక్కలు, స్పష్టంగా బలహీనమైన ముక్కలు ఎవరినీ బాధించవు. చిక్కంతా అటూ ఇటూ కాని ముక్కలతోనే.

ఒకరికి రాగల 13 ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. వీటన్నింటినీ విడివిడిగా పరిశీలించడం అసాధ్యం కనుక ఆటగాళ్ళు ఒక కొలబద్దను ఏర్పరచుకొన్నారు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. ఒక రంగులో 10 పాయింట్లు, నాలుగు రంగులలో 40. అనగా ఒక్కొక్కరికి సగటున 10. సాధారణంగా 13 ఉన్నవారు పాట ప్రారంభిస్తారు. 11 లేక అంతకు తక్కువ ఉన్నవారు ఊరకుంటారు. జట్టుకు మొత్తం 25 లేక 26 ఉంటే గేము పాడడం వాడుక. అయితే ఈ కొలబద్ద సగటును చెబుతుందే గాని, చేతిలోని ముక్కల అసలు విలువను చెప్పదు.

రెండు ఉదాహరణలు చూద్దాము. మొదటి ఆటగాని వద్ద ఇస్పేటులో ఆసు, రాజు, 10, 9, 5. ఆఠీనులో ఆసు, 10, 8, 4. డైమనులో 6, 2. కళావరులో 7, 3 ఉన్నవి. మొత్తం 11 పాయింట్లు. రెండవవాని వద్ద ఇస్పేటులో రాజు, జాకీ, 6. ఆఠీనులో రాణి, జాకీ, 5. డైమనులో రాణి, జాకీ, 4. కళావరులో రాణి, 7, 5, 3 ఉన్నవి. మొత్తం 12. కొలబద్ద రెండవదే మేలంటుంది. అనుభవజ్ఞులు మొదటిదానితో పాట ప్రారంభించి, రెండవదానితో ఊరకుంటారు.

కారణం ఏమిటి? ఆసు దాదాపు తప్పక ఒక పట్టు తెస్తుంది. రాణి, జాకీలు పై ముక్కలు వెళ్ళిపోయిన తరువాతనే పనికివస్తాయి. పైగా పెద్ద ముక్కలు పొడవైన రంగులో ఉంటే, ప్రత్యర్థుల వద్ద ఆ రంగు అయిపోయిన పిమ్మట 5 వంటి చిన్న ముక్క కూడా గెలుస్తుంది. దీనిని గుర్తించి అమెరికన్ ఆటగాడు మార్టీ బెర్గెన్ ఒక సూత్రాన్ని ప్రచారం చేశాడు. పాయింట్లకు మిక్కిలి పొడవైన రెండు రంగుల ముక్కల సంఖ్య కలిపినప్పుడు 20 వస్తే పాట ప్రారంభించవచ్చు. పై ఉదాహరణలలో మొదటిదానికి 11+5+4=20; రెండవదానికి 12+4+3=19.

గేము పాడే ముందు సంభావ్యతను కూడా లెక్కించవలసి ఉన్నది. ఆసు, రాణి ఒకే చేతిలో ఉండి, రాజు ప్రత్యర్థి వద్ద ఉన్నదనుకొందాము. రాణి కూడా గెలవాలంటే, ఆ చేతికి ముందు ముక్క వేసే ప్రత్యర్థి వద్దనే రాజు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు దీని సంభావ్యత నూటికి 50. జట్టు వద్ద ఒక రంగులో 8 ముక్కలుంటే ప్రత్యర్థుల వద్ద 5 ఉంటాయి. అవి వారిద్దరి మధ్య 3-2గా ఉండే అవకాశం నూటికి 68, 4-1గా 28, 5-0గా 4. రాజు అనుకూలంగా ఉండడం, రంగు 3-2గా చీలడం రెండూ అవసరమైతే, 50ని 68తో హెచ్చించగా సుమారు 34 వస్తుంది.

నూటికి 34 చాలునా? దీనికి సమాధానం లాభనష్టాలలో ఉన్నది. బోనసు, జరిమానా రెండూ హెచ్చుగా ఉండే స్థితిని వల్నరబుల్ అంటారు. ఆ స్థితిలో ఇస్పేటు తురుపుగా 10 పట్లు పాడి గెలిస్తే 620. 8 మాత్రమే పాడి 10 గెలిస్తే 170. కనుక ధైర్యానికి లాభం 450. పాడింది 10, వచ్చింది 9 అయితే జరిమానా 100. 8 పాడి 9 గెలిస్తే 140 వచ్చేది. కనుక నష్టం 240. ఈ 240ని లాభనష్టాల మొత్తమైన 690తో భాగించగా నూటికి సుమారు 35 అవుతుంది. అవకాశం అంతకు మించితే గేము పాడడమే లాభం. వల్నరబుల్ కానప్పుడు లాభం 250, నష్టం 190. అప్పుడు హద్దు 43. ఒకే పంపకాన్ని అనేక జంటలు ఆడి, ఎంత తేడా అన్నది చూడక ఎన్ని జంటలను మించారన్నదే లెక్కించే పోటీలలో ఈ హద్దు దాదాపు 50. ఒక పట్టు మాత్రమే తగ్గుతుందని, ప్రత్యర్థులు డబుల్ చేయరని అనుకొని వేసిన లెక్క ఇది.

కనుక ఒకే ముక్కలతో ఒక పోటీలో పాడడం, మరొక పోటీలో మానడం రెండూ సరియైనవే కావచ్చు. నూటికి 40 అవకాశమున్న గేమును వల్నరబుల్ స్థితిలో ఎల్లప్పుడూ పాడేవాడు నూరింట 60 సార్లు ఓడుతాడు. అయినా చివరి లెక్కలో మిగులు అతనిదే. ఒక్క పంపకంలో ఓడినంత మాత్రాన పాట తప్పు కాదు. గెలిచినంత మాత్రాన ఒప్పూ కాదు. ఆ క్షణంలో తెలిసిన విషయాలను బట్టి అవకాశాన్నీ, లాభనష్టాలనూ సరిగా తూచడం జరిగిందా లేదా అన్నదే చూడవలసిన విషయం.