న్యాయవాద వృత్తి – టెరిటోరియల్ ఆర్మీ సేవ

ఈ భాగం చదివిన తరువాత మీరు రెండు విషయాలు వివరించగలుగుతారు: న్యాయవాది సైన్యంలో పాక్షిక సేవ చేయవచ్చునా, చేస్తే కక్షిదారు పట్ల అతని బాధ్యత ఏమిటి.

1. టెరిటోరియల్ ఆర్మీ అంటే ఏమిటి?

వేరే వృత్తిలో ఉంటూనే ఏడాదిలో కొంతకాలం సైనిక విధులు నిర్వహించే పౌరుల సైన్యమే టెరిటోరియల్ ఆర్మీ. 1948 చట్టం దీనికి ఆధారం. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ సి. రాజగోపాలాచారి దీనిని ప్రారంభించారు. అధికారిగా చేరడానికి డిగ్రీ, 18 నుండి 42 ఏళ్ల మధ్య వయస్సు, సొంత జీవనోపాధి ఉండాలి. ఇన్‌ఫాంట్రీ అధికారులకు ఏటా సాధారణంగా రెండు నెలల శిక్షణ ఉంటుంది. విధుల్లో ఉన్న కాలానికే జీతం. పంజాబ్, హర్యానా హైకోర్టు న్యాయవాది నవదీప్ సింగ్ ఇందులో మేజర్‌గా పనిచేశారు. కాబట్టి రెండూ ఒకరికి సాధ్యమే.

2. చట్టం ఎవరిని కాపాడుతుంది?

1948 చట్టంలోని 7-ఎ సెక్షన్ ప్రకారం, సైనిక విధులకు వెళ్లి వచ్చిన ఉద్యోగిని యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలి. కాని సొంతంగా ప్రాక్టీసు చేసే న్యాయవాదికి యజమాని ఎవరు? ఎవరూ లేరు. అందువల్ల ఈ రక్షణ అతనికి అక్కరకు రాదు. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో సైనికుడే కక్షిదారుగా ఉన్న దావాను నిలుపుతుంది. సైనికుడు వకీలుగా ఉన్న దావాకు అది వర్తించదు.

3. భద్రాచలం నుండి ఒక ఉదాహరణ

మీరు భద్రాచలంలో ప్రాక్టీసు చేస్తున్నారనుకోండి. అడవి అంచు గూడెంలోని ఒక కోయ రైతు పోడు భూమి హక్కు దరఖాస్తును గ్రామసభ తిరస్కరించింది. 2006 అటవీ హక్కుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, తీర్మానం జరిగిన 60 రోజులలోగా సబ్ డివిజన్ స్థాయి కమిటీకి విజ్ఞప్తి చేసుకోవాలి. మీ శిక్షణ కూడా రెండు నెలలే! కాగితాలు మీ బీరువాలో ఉండి మీరు శిబిరంలో ఉంటే, గడువు దాటి నష్టపోయేది ఆ రైతే.

4. పాటించవలసిన జాగ్రత్తలు

అ) వకాలత్‌నామాలో మొదటి రోజునే మరో న్యాయవాది పేరు చేర్చండి.
ఆ) శిక్షణ తేదీలు తెలియగానే కక్షిదారుకు అతనికి అర్థమయ్యే భాషలో చెప్పండి. తగిన కారణం, తగినంత ముందస్తు నోటీసు లేకుండా కేసు వదలకూడదని బార్ కౌన్సిల్ నియమం.
ఇ) పూర్తికాల జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయరాదని 49వ నియమం చెబుతుంది. దీర్ఘకాల విధులకు పిలుపు వస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ముందుగా తెలియజేయడం మంచిది.
ఈ) సాయుధ బలగాల శిబిరాల మధ్య బతికే కక్షిదారుకు మీ యూనిఫాం సంగతి మీరే చెప్పండి. ఆ తరువాత మిమ్మల్ని వకీలుగా ఉంచుకోవాలా వద్దా అన్నది అతని ఇష్టం.

5. సారాంశం

దేశసేవకు చట్టం దారి ఇచ్చింది. కాని కక్షిదారు గడువును ఆపే అధికారం మీ సైనిక హోదాకు లేదు. మీరు లేని రోజులకు ఏర్పాటు చేయడం మీ వృత్తి ధర్మం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

7-ఎ సెక్షన్ రక్షణ ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ఉపయోగపడి, సొంత ప్రాక్టీసు ఉన్న న్యాయవాదికి ఎందుకు ఉపయోగపడదు? ఐదు వాక్యాలలో రాయండి.