మోకాలి కీలును అతుకుట

తలుపునకు మడతబందు ఎట్టిదో కాలికి మోకాలు అట్టిది. బందు విరిగినచో క్రొత్తది తెచ్చి బిగింతుము. మోకాలు నుగ్గయినచో ఏమి చేయవలెను? అరిగిన మోకాలికి బదులు లోహముతోను ప్లాస్టిక్కుతోను చేసిన కీలును నేడు అమర్చుచున్నారు. కాని లారీ క్రింద నలిగిన మోకాలి సంగతి వేరు. ఎముక కొంత పోవును. మోకాలిని చాపు కండరముల పట్టు తెగును. గాయమునకు చీము పట్టును. ఇవన్నియు కూడినచోట కృత్రిమపు కీలు నిలుచుట కష్టము. అప్పుడు తరచు మిగులునవి రెండే మార్గములు: తొడ దగ్గర కాలిని తీసివేయుట, లేదా కీలును శాశ్వతముగా అతికివేయుట.

ఈ రెండవదానికి ఆర్త్రోడెసిస్ అని పేరు. గ్రీకు భాషలో ఆర్త్రాన్ అనగా కీలు, డెసిస్ అనగా కట్టు.

విరిగిన ఎముక అతుకుకొనునని మన మెరుగుదుము. మరి కీలులోని ఎముకలు ఎల్లప్పుడు తాకుచుండియు ఏల అతుకుకొనవు? వాని కొనలను నునుపైన మృదులాస్థి కప్పియుండుటయు, అవి కదలుచుండుటయు కారణములు. శస్త్రవైద్యుడు ఆ మృదులాస్థిని కోసివేసి, రెండు పచ్చి ఎముక ముఖములను చేర్చి, కదలకుండ బిగించును. శరీరము దానిని విరిగిన ఎముకగనే ఎంచి, కొన్ని నెలలలో నడుమ క్రొత్త ఎముకను పెంచును. తొడ ఎముకయు జంఘాస్థియు ఏకమగును. ఎముకలలో అడ్డముగ ఉక్కు కడ్డీలు గ్రుచ్చి, వెలుపల మరలతో ఒత్తి బిగించు పద్ధతిని 1948లో ఇంగ్లండు వైద్యుడు జాన్ చార్న్‌లీ వివరించెను. నేడు ఎముకల లోపల పొడుగాటి మేకు దింపుటయు, పలకలు బిగించుటయు కలదు.

కాలిని కర్రవలె తిన్నగా అతుకరు. 10–15 డిగ్రీల వంపు ఉంచుదురు. ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగా నుండుట మేలు. లేనిచో అడుగు వేయునపుడు పాదము నేలకు తగులును.

అతుకు కుదిరినచో నొప్పి తగ్గును. కాలు బరువు మోయును. సొంత పాదము నేలపై మోపి నడువవచ్చును. కాని బాసింపట్టు వేసి కూర్చుండుట ఇక లేదు. బస్సులో కాలు చాపుకొనియే కూర్చుండవలెను. నడుమునకును తుంటికిని ఒత్తిడి హెచ్చును. రెండవ కాలి కీళ్లు చెడియున్నవారికి ఇది సాధారణముగ తగదు.

అందుచే కొందరు వైద్యులు ముందుగా పిండికట్టు వేసి, కొన్నాళ్లు ఇంట తిరిగి చూడుమందురు. నాట్లు వేయు కూలీకిని, బల్లయొద్ద పనిచేయు గుమాస్తాకును ఈ నిర్ణయము ఒకటి కాదు. కీలు అతుకునా యనుట వైద్యుడు చెప్పవలె. వంగని కాలితో బ్రతుకు సాగునా యనుట రోగియే చెప్పవలె.